మూడు రిబ్బన్ల కాలిబాట

చిన్న కథ చెబుతాను, పిల్లలూ. పొయ్యి మీద అన్నం ఉడికేలోపు అయిపోతుంది. మధ్యలో ఎవరూ ప్రశ్నలు వెయ్యకండి.

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో పొదలూరు అని ఒక చిన్న ఊరు. చిన్న ఊరు చిన్నగా ఉండొచ్చు కదా, ఉండలేదు. అవతలి అడవి నుంచి కుందేళ్లు వచ్చాయి. కుందేళ్లు వచ్చాక ఏ ఊరైనా ఎలా పెరుగుతుందో మీకు చెప్పక్కర్లేదు. వాటి వెనకాలే ముంగిసలు వచ్చాయి. ముంగిసలను చూసి పాములు అలిగి వెళ్లిపోయాయి. పాముల ఇళ్లు అద్దెకిచ్చి ఉడతలు బాగుపడ్డాయి. ఆ ఉడతల్లో ఒకడు పెళ్లిచూపులకు వెళ్లి ఏం చేశాడంటే... వద్దులెండి. వాడి అత్తగారు ఇంకా బతికే ఉంది. ఆవిడ చెవిన పడితే బాగుండదు.

ఏం చెబుతున్నాను? దారి సంగతి.

పొదలూరు పెరిగి పట్నమైంది. పట్నం మధ్య నుంచి జట్కాల రోడ్డు పడింది. జట్కాలు లాగేవి గుర్రాలు, తోలేవి కోతులు. గుర్రాల కళ్లకు గంతలు కట్టేవాళ్లు కాబట్టి అవి పక్కకు చూసేవి కావు. కోతులకు గంతలు లేవు. అయినా చూసేవి కావు.

రోడ్డుకు ఒక పక్క మెట్ట, ఇంకో పక్క వాగు. మెట్ట మీద గడ్డిలో చుక్కమ్మ అనే కౌజుపిట్ట కాపురముండేది. ఆమె పిల్లలకు ఇంకా ఎగరడం రాదు. తల్లి వెనకాల వరసగా నడిచేవి. నీళ్లు తాగాలంటే వాగుకే పోవాలి. వరసలో అందరికంటే చివర, అందరికంటే చిన్నది గవ్వ. దారిలో కనబడిన ప్రతి గులకరాయి దగ్గరా ఆగి, దాన్ని పలకరించి గానీ అది ముందుకు కదిలేది కాదు.

మొదట్లో ఏ భయమూ లేదు. రోడ్డు కింద ఒక తూము ఉండేది. గడ్డిలోంచి వచ్చి, తూములో దూరి, అవతల తేలి, నీళ్లు తాగి వచ్చేవాళ్లు. పేడపురుగు గుండయ్య కూడా తన ఉండను దొర్లించుకుంటూ అటే పోయేవాడు. దాన్ని ఉండ అంటే ఒప్పుకునేవాడు కాదు. "మా చక్రానికి నున్నటి బాట ఉండాలి అక్కా, గతుకులు పనికిరావు" అని చుక్కమ్మతో గొప్పలు పోయేవాడు. దేనితో చేసిన చక్రమో మర్యాద కొద్దీ ఎవరూ అడగలేదు.

ఒకరోజు పట్నం పెద్దలు సభ పెట్టారు. పెద్దలంటే నక్కగారు, ఎలుగుబంటిగారు, నెమలిగారు. ముగ్గురూ జట్కా దిగి నడిచిన పాపాన పోలేదు. జట్కా దొరక్కపోతే నెమలిగారు ఎగిరేవారు, మిగతా ఇద్దరూ ఇంట్లోనే ఉండేవారు.

"నడిచేవాళ్ల కోసం, చక్రాలు దొర్లించేవాళ్ల కోసం మెట్ట నుంచి వాగు దాకా ఒక కాలిబాట వేద్దాం" అన్నారు నక్కగారు.

మంచి మాటే. అందరూ చప్పట్లు కొట్టారు. చుక్కమ్మ అందరికంటే గట్టిగా రెక్కలు కొట్టింది.

అయితే ఆ పట్నంలో ఒక ఆచారం ఉంది. కొత్తగా ఏది కట్టినా ఎర్ర రిబ్బను కట్టాలి. పెద్దలు వచ్చి కత్తిరించాలి. అప్పటిదాకా ఆ రిబ్బనును ఎవరైనా తెంపితే, వాణ్ణి పట్నం నుంచి వెలివేస్తారు.

"మరి రిబ్బను ఎవరు కత్తిరించాలి?" అన్నారు ఎలుగుబంటిగారు.

"ఆలోచన నాది" అన్నారు నక్కగారు.

"స్థలం మా తాతలది" అన్నారు ఎలుగుబంటిగారు.

"కత్తెర నాది" అన్నారు నెమలిగారు.

అన్నం మాడే వాసన వచ్చేదాకా వాదించుకున్నారు. చివరికి ముగ్గురూ కలిసి ఒక నిర్ణయం చేశారు. ఒకే బాట అయితే ఒకే రిబ్బను. మూడు ముక్కలు చేస్తే మూడు రిబ్బన్లు. ముక్కకూ ముక్కకూ మధ్య కాస్త ఖాళీ వదిలితే గానీ మూడని తెలియదు కదా, అందుకని ఖాళీ వదిలారు.

మెట్ట దగ్గర ముక్క నక్కగారిది. సంత పక్క ముక్క ఎలుగుబంటిగారిది. వాగు ఒడ్డు ముక్క నెమలిగారిది. మొదటి ఖాళీలో ముళ్లకంప ఉంది. రెండో ఖాళీలో జట్కాల రోడ్డు ఉంది. బాట అందంగా కనబడాలని గడ్డి అంతా కోసేశారు. సభకు వేదిక ఎత్తుగా ఉండాలని తూము నోరు మట్టితో పూడ్చి దాని మీద వేదిక కట్టారు.

మూడు సభలు జరిగాయి. మూడు దండలు పడ్డాయి. మర్నాటి ఉదయం చుక్కమ్మ పిల్లలను తీసుకుని కొత్త బాట మీద బయలుదేరింది.

మొదటి ముక్క బాగుంది. ముళ్లకంప పక్క నుంచి ఎలాగో గీరుకుంటూ పోయారు. రెండో ముక్క ఇంకా బాగుంది. అది తిన్నగా జట్కాల రోడ్డు అంచుకు వచ్చి ఆగిపోయింది. ఎదురుగా రోడ్డు అవతల మూడో ముక్క మెరుస్తూ కనబడుతోంది.

"అమ్మా, తూమేదీ?" అంది గవ్వ.

చుక్కమ్మ పిల్లలను దగ్గరికి లాక్కుంది. అటు చూసింది, ఇటు చూసింది. దడదడమని జట్కాలు పోతున్నాయి. కొంచెం సందు దొరగ్గానే "పరుగెత్తండి!" అంది. అందరూ అవతల పడ్డారు. చుక్కమ్మ పిల్లలను లెక్కపెట్టుకుంది. మళ్లీ లెక్కపెట్టుకుంది. నీళ్లు తాగుతూ కూడా రోడ్డు వైపే చూసింది. మళ్లీ వెనక్కి కూడా దాటాలి కదా.

ఆ సాయంత్రమే ఆమె నక్కగారి ఇంటికి వెళ్లింది.

"అయ్యా, రోడ్డు దగ్గర బాట తెగిపోయింది. పిల్లలతో దాటలేకపోతున్నాను."

"నా ముక్క మీద ఒక్క గులకరాయి కూడా లేదు, చూశావా చుక్కమ్మా?" అన్నారు నక్కగారు.

"చూశానయ్యా. బాగుంది. కానీ..."

"బాగుందన్నావు కదా. వెళ్లిరా."

ఎలుగుబంటిగారి దగ్గరికి వెళ్లింది. ఆయన స్వయంగా జట్కాలో రోడ్డు దగ్గరికి వచ్చి చూశారు.

"ఇక్కడ నడిచి దాటేవాళ్లు ఒక్కరైనా ఉన్నారా? లేరు. దాటనిచోట బాట దేనికి?"

"భయపడి దాటడం లేదయ్యా. దాటగలిగితే అందరం దాటుతాం."

"ముందు దాటండి. అప్పుడు వేస్తాం" అని జట్కా ఎక్కారు.

నెమలిగారి దగ్గరికి వెళ్లింది. ఆయన చెట్టు కొమ్మ మీద నుంచి మెడ చాచి చూశారు.

"ఇక్కడి నుంచి చూస్తే మూడూ కలిసే ఉన్నాయమ్మా. చక్కగా ఒకే గీత."

"మేము కింద నుంచి చూస్తాం బాబూ" అంది చుక్కమ్మ.

"అదే మీ తప్పు" అన్నారు నెమలిగారు.

మర్నాడు చుక్కమ్మ పిల్లలతో మళ్లీ రోడ్డు అంచున నిలబడింది. పక్కనే గుండయ్య తన చక్రం పట్టుకుని నిలబడ్డాడు.

"ముందు నువ్వు పో అక్కా."

"వద్దు తమ్ముడూ, నువ్వు పో. నేను పిల్లలను వరసలో పెట్టుకోవాలి."

ఇద్దరూ కలిసే బయలుదేరారు. సగం దూరం వెళ్లాక వెనక నుంచి చిన్న గొంతు వినబడింది.

"ఈ రాయి ఎర్రగా ఉందమ్మా!"

గవ్వ రోడ్డు మధ్యలో ఆగింది. అప్పుడే మలుపు తిరిగి జట్కా వచ్చింది. "పక్కకు! పక్కకు!" అని కోతి అరిచింది గానీ పగ్గం లాగలేదు. చుక్కమ్మ వెనక్కి పరుగెత్తింది. గుండయ్య చక్రం వదిలేసి మట్టిలో బోర్లా పడ్డాడు. దుమ్ము లేచింది. ఏమీ కనబడలేదు.

"గవ్వా! గవ్వా!"

దుమ్ము అణిగింది. గుండయ్య చక్రం చితికిపోయింది. గవ్వ జట్కా చక్రాల జాడల మధ్య కూర్చుని ఉంది. బతికే ఉంది. తోక ఈక ఒకటి ఊడింది. పలకరించిన రాయి రెండు ముక్కలైంది.

చుక్కమ్మ అందరినీ వెనక్కి తీసుకుపోయింది. ఇక దాటనంది. తానొక్కతే వాగుకు ఎగిరిపోయి, ముక్కుతో ఒక్కో చుక్క తెచ్చి పిల్లల నోట్లో వేసింది. ఎండ ముదిరింది. ఆ చుక్కలు ఏ మూలకూ చాలలేదు. గవ్వ రాళ్లను పలకరించడం మానేసింది. కళ్లు మూసుకుని పడుకుంది.

"ఇప్పుడేం చేస్తావక్కా?" అన్నాడు గుండయ్య. కొత్త చక్రం ఇంకా చిన్నగా ఉంది, అందుకని గొంతు కూడా తగ్గింది.

"ఇన్నాళ్లూ బాట అడిగాను. ఇక అది అడగను" అంది చుక్కమ్మ.

ఆమె మళ్లీ నక్కగారింటికి వెళ్లి ఒకే ఒక్క మాట అంది: "అయ్యా, రోడ్డు మీద ఆ మిగిలిన ముక్క ఉంది కదా. దాని రిబ్బను ఎవరు కత్తిరిస్తారు?"

ఎలుగుబంటిగారినీ అదే అడిగింది. నెమలిగారినీ అదే అడిగింది. జవాబు వినకుండా ఇంటికి వచ్చేసింది.

తెల్లారేసరికి ముగ్గురి మనుషులూ రాళ్లు మోస్తున్నారు. క్షమించాలి, ముగ్గురి చీమలూ. ముళ్లకంప పోయింది. రోడ్డుకు అడ్డంగా తెల్లరాళ్లతో బాట పడింది. మెట్ట నుంచి వాగు దాకా ఒకే బాట. కొత్త రాళ్లు ప్రారంభం దాకా అరగకూడదని, అటు నుంచి వచ్చే జట్కాలకు ఒక రిబ్బను, ఇటు నుంచి వచ్చే జట్కాలకు ఒక రిబ్బను అడ్డంగా కట్టారు.

జట్కాలు ఆగాయి. తెంపితే వెలివేస్తారని కోతులకు తెలుసు. మొదటిసారి పగ్గాలు లాగాయి.

చుక్కమ్మ పిల్లలను తెచ్చి అంచున నిలబెట్టింది. గవ్వను వీపు మీద మోసుకొచ్చింది. ఆమె భయం ఇంకా తీరలేదు. కత్తెర పడగానే జట్కాలు వదులుతారు. జట్కాలకు తెల్లరాళ్లయితేనేం, నల్లరాళ్లయితేనేం? పెద్దలు వచ్చేలోపే దాటాలని పిల్లలను తొందరపెట్టింది. అందరూ నీళ్లు తాగారు. గవ్వ కళ్లు తెరిచింది.

అంతలో పెద్దలు వచ్చారు.

"ఇది నా బాటకు కొనసాగింపు" అన్నారు నక్కగారు.

"నా ముక్కకు ఆనుకుని ఉంది" అన్నారు ఎలుగుబంటిగారు.

"కత్తెర నాది" అన్నారు నెమలిగారు.

ఈసారి ముక్కలు చెయ్యడానికి రోడ్డు చాలినంత వెడల్పు లేదు. సభ వాయిదా పడింది.

ఇంకా వాయిదాలోనే ఉంది. రిబ్బన్లు మాసిపోతే కొత్తవి కడుతున్నారు. జట్కాలు పట్నం చివర రాళ్లగుట్ట చుట్టూ తిరిగి పోతున్నాయి. గవ్వకు ఇప్పుడు మనవలు. వాళ్లు బాట మధ్యలో కూర్చుని ఆడుకుంటారు.

నీతి: నడిచేవాళ్లకు బాట వేస్తే ఇంటి గుమ్మం నుంచి చేరే చోటు దాకా తెగకుండా వెయ్యాలి, మధ్యలో వదిలేసిన ఆ కాస్త చోటే పిల్లల ప్రాణం మీదికి తెస్తుంది.