బరువుల మెట్ట మీద నూకరత్నం సైకిలు

దుప్పటి సర్దుకున్నారా? లాస్యా, తమ్ముడి కాళ్ళ మీంచి నీ కాళ్ళు తియ్యి. ఊ కొట్టనివాళ్ళకి కథ లేదు, ముందే చెబుతున్నా.

అనగా అనగా అనగా, కొండల నడుమ జీలుగువలస అని ఒక ఊరు. ఆ ఊళ్ళో దాలినాయుడని ఒకడు, వాడి పెళ్ళాం నూకరత్నం. నూకరత్నానికి పరుగు పిచ్చి. తెల్లారగానే చీర ఎగ్గట్టి పొలిమేర దాకా పరిగెత్తి వచ్చేది. పందెం లేదు, బహుమానం లేదు, ఉత్తినే. ఊళ్ళోవాళ్ళకి ఒకటే విడ్డూరం. కుక్క తరిమిందా అంటే కుక్క లేదు. కోతి తరిమిందా అంటే కోతి లేదు. అత్త తరిమిందా అంటే, అత్త ఇంకా పక్క మీంచి లేవనేలేదు! ఆ అత్త సన్యాసమ్మ నోరు ఊరుకునే నోరు కాదు. కోడలు రొప్పుతూ వస్తుంటే, పొలిమేర ఉన్నచోటే ఉందా తల్లీ, ఎవరైనా ఎత్తుకెళ్ళారా అని వెటకారమాడేది.

ఆ సన్యాసమ్మ కూతురు ముత్యాలు కడుపుతో ఉంది. మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు పాపం. ఆ ఊళ్ళో ఆసుపత్రి లేదమ్మా. ఆసుపత్రికి పోవాలంటే బరువుల మెట్ట అని ఒక కొండ ఎక్కి అవతలికి దిగాలి. దాని మీద సగం దూరం పోయేసరికి ఏ బండయినా బరువెక్కిపోయేదట. ఎడ్లబండి బరువు, తోపుడుబండి బరువు, సైకిలు బరువు. ఎందుకో ఎవరికీ తెలీదు. అందుకే డోలీ కట్టి మోసేవాళ్ళు. మోసి మోసి అవతలికి దించేసరికి ముత్యాలు బిడ్డ పోయింది. ఈసారి బిడ్డ బతకాలంటే పురుళ్ళ ఆసుపత్రి వీళ్ళకి దగ్గర్లోకే రావాలి. అదీ నూకరత్నానికి పట్టుకున్న బెంగ.

ఊ కొడుతున్నారా? ఆఁ, గట్టిగా.

ఆ దేశపు రాజు చెడ్డవాడు కాదు, మొద్దు. ఎవరు మొర పెట్టుకున్నా కునికిపాట్లు పడేవాడు. కానీ వాడికో సైకిలుండేది. పొద్దున్నే దానికి నూనె రాసి తుడుచుకోవడమే వాడి రాజ్యపాలన. సైకిలనే మాట చెవినపడితే చాలు, కళ్ళు రెండూ విచ్చుకునేవి. నూకరత్నం ఆ కిటుకు కనిపెట్టేసింది. సభలోకి వెళ్ళి, మహారాజా, పురుళ్ళ ఆసుపత్రి కోసం మా ఊరినుంచి సముద్రం దాకా సైకిలు యాత్ర చేస్తాం అందిట. రాజు నిద్ర ఎగిరిపోయింది! భేష్, అలాగే కానివ్వండి. ఆసుపత్రి కట్టడానికి మనుషుల్ని పంపుతామన్న ప్రతి ఊరూ హ్యాండిలుకి ఒక దారం కట్టాలి. ఆ దారాలతో సముద్రం చూసి నా దగ్గరికి రండి, కలపా రాయీ నేనిస్తా. కానీ నడక పనికిరాదు, సైకిలు మీదే అన్నాడట.

ముందు దాలినాయుడు బయల్దేరాడు, మీసం దువ్వుకుని. మెట్ట సగం ఎక్కాడు, సైకిలు బరువెక్కింది, వెనక్కొచ్చాడు. తర్వాత కరణంగారబ్బాయి వెళ్ళాడు. సగం ఎక్కాడు, బరువెక్కింది, వెనక్కొచ్చాడు. ఆ తర్వాత పహిల్వాను వెళ్ళాడు. సగం ఎక్కాడు, బరువెక్కింది, సైకిలక్కడే పారేసి ఉత్తకాళ్ళతో వెనక్కొచ్చాడు!

అప్పుడు నూకరత్నం నేను వెళ్తానంది. పరిగెత్తేదానికి సైకిలెందుకే అని అందరూ నవ్వారు. నిజమే, దానికి తొక్కడమే రాదు. పాలాయన సైకిలు అడిగి తెచ్చుకుని నేర్చుకోడం మొదలెట్టింది. గడ్డివాములో పడింది, పేడకుప్పలో పడింది, మొగుడి మీద పడింది. మోకాళ్ళు కొట్టుకుపోయినా మానలేదు. చూసి చూసి సన్యాసమ్మకి ప్రాణం ఉసూరుమంది. కూతురి కోసమే కదా ఈ పిల్ల ఇన్ని దెబ్బలు తింటోంది! కొంగు బిగించి వచ్చి, తొక్కవే నేను పట్టుకుంటా అని వెనక క్యారియరు పట్టుకుని తానూ పరిగెత్తిందట. ఊరంతా గుమ్మాల్లోకొచ్చి చూశారు, పరిగెత్తే సన్యాసమ్మని.

ఇంక బయల్దేరింది. మెట్ట దగ్గరికి చేరేసరికి మిట్టమధ్యాహ్నం. పరుగులో మల్లేనే మొదట్లోనే జోరు చేసిందేమో, తొడలు పట్టేశాయి, సీటు ఒరుసుకుపోయింది. పరిగెత్తే కాలు వేరు, తొక్కే కాలు వేరు మరి. సగం ఎక్కిందో లేదో సైకిలు బరువెక్కింది. ఎంత తొక్కినా కదలదు. వెనక్కి తిరిగిపోదామా అనుకుంది. ముత్యాలు మొహం గుర్తొచ్చింది. కిందికి దిగి, హ్యాండిలు పట్టుకుని, సైకిలు నెట్టుకుంటూ పరుగు లంకించుకుంది. పరుగు దాని సొంత విద్య కదా! అలా పరిగెత్తుతూనే, ఎవరమ్మా వెనకాల కూర్చున్నది అని అడిగింది.

అడగ్గానే వెనకనుంచి ఏడుపు వినబడింది. దయ్యం! వినీతూ, కళ్ళు మూసుకోకు, అది కరిచే దయ్యం కాదులే. ఎప్పుడో నొప్పులు పడుతూ డోలీలో పోతూ, ఇక్కడే ప్రాణం పోయిన పిల్ల అది. అప్పట్నుంచీ ఏ బండి కనబడినా ఎక్కి కూర్చుంటోందిట, ఆసుపత్రికి తీసుకెళ్తారేమో, కాన్పు చేయిస్తారేమో అని. అందరూ బరువు బరువని తిట్టి వెనక్కి తిప్పుకుపోయేవాళ్ళే. ఎవరమ్మా నువ్వని ఒక్కరూ అడగలేదు.

నూకరత్నం పరుగు ఆపకుండానే, గట్టిగా పట్టుకుని కూర్చో అక్కా, నిన్ను దింపేసి పోనులే అంది. దయ్యాన్ని మోస్తూనే మెట్ట దాటింది. దయ్యాన్ని మోస్తూనే ఊళ్ళు దాటింది. ప్రతి ఊళ్ళో ఆగి ముత్యాలు సంగతి చెప్పేది. విన్న ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుని కొంగు చింపి దారం తీసి కట్టేవాళ్ళు, మగవాళ్ళు మేమొస్తాం ఫో అనేవాళ్ళు. సముద్రం చూసింది, దణ్ణం పెట్టింది, తిన్నగా రాజు దగ్గరికొచ్చింది.

రాజు దారాలు చూసి మురిసిపోయి, దారంతా తొక్కుకుంటూనే వచ్చావా అని అడిగాడట. అబద్ధమాడితే ఎవరికి తెలుసు? కానీ అది ఆడలేదు. లేదు మహారాజా, మెట్ట మీద దిగి పరిగెత్తానంది. ఐతే చెల్లదు పొమ్మన్నాడు రాజు. మొద్దని చెప్పానా లేదా!

నూకరత్నం ఏడవలేదు, ఒళ్ళు మండింది. "మహారాజా, ఆ మెట్ట తమరు దిగకుండా తొక్కి చూపించండి. అప్పుడు నేను ఓడినట్టే" అంది.

రాజుకి రోషం పుట్టుకొచ్చింది. తళతళలాడే సైకిలెక్కి మెట్ట దగ్గరికొచ్చాడు. దయ్యం నూకరత్నం సైకిలు దిగి రాజు సైకిలెక్కింది. ఇంక చూస్కో! రాజు తొక్కాడు, కిరీటం వంకరయింది. ఇంకా తొక్కాడు, కిరీటం మెళ్ళోకి జారింది. చివరికి దిగిపోయి, ఎవరది అని రొప్పుతూ అడిగాడు. దయ్యం తన గోడంతా చెప్పుకుంది. వింటూ వింటూ ఆ మొద్దు రాజు చిన్నపిల్లాడిలా భోరుమన్నాడు. ఆసుపత్రి ఎక్కడో కాదు, ఈ పిల్ల ప్రాణం పోయిన ఈ మెట్ట మీదే కట్టాలన్నాడు. దారం కట్టిన ప్రతి ఊరినుంచీ మనుషులొచ్చారు. గోడలు లేచాయి, మంత్రసాని వచ్చింది, డాక్టరమ్మ వచ్చింది. దయ్యం మాత్రం గుమ్మంలో నిలబెట్టిన రాజుగారి సైకిలు మీదే కూర్చుంది. రమ్మన్నా రాలేదు, దిగమన్నా దిగలేదు.

నెలలు నిండి ముత్యాలుకి నొప్పులొచ్చాయి. బండి కట్టారు, ఎక్కించారు, మెట్ట మీద సగం దూరమే కదా, ఇట్టే తీసుకొచ్చేశారు. లోపల ముత్యాలు, బయట సన్యాసమ్మ, నూకరత్నం, దాలినాయుడు, రాజుగారు కూడా. అప్పుడు లోపల్నించి కెవ్వుమని ఏడుపు! ఆడపిల్ల! తల్లీ పిల్లా క్షేమం. అందరూ లోపలికి పరిగెత్తారు, సన్యాసమ్మ అందరికంటే ముందు.

నూకరత్నం ఒక్కతీ వెనక్కి చూసింది. రాజుగారి సైకిలు దానంతటదే చిన్నగా కదిలింది, మీంచి ఎవరో దిగినట్టు. ఎక్కడికెళ్ళిందా? పైలోకంలో ఉన్న తన బిడ్డ దగ్గరికి వెళ్ళిపోయిందిరా. ఆ తర్వాత ఆ మెట్ట మీద ఏ బండీ బరువెక్కలేదు.

అందుకే మీకు చెప్పేది, ఏ పని చేస్తున్నా వెనక బరువనిపిస్తే విసుక్కోకండి. ఎవరమ్మా అని ఒక్కసారి అడగండి.

కథేమో మెట్ట దిగి కంచి దారి పట్టింది, మనమేమో దుప్పట్లో దూరాం. పడుకోండింక.