కింది నట్టు

కప్పు గెలిచి వచ్చినప్పటి నుంచి భూమేష్ వర్క్‌షాపు గడప తొక్కడం లేదు. ఎందుకో తనకు తెలియదని యామిని పదిమందికి చెప్పింది. తెలియదని అంతమందికి చెప్పాల్సి వచ్చిందంటేనే తెలుసన్నమాట.

జగిత్యాల దగ్గర ఒక సర్కారు బడి వాళ్ళది. ఫిజిక్సు చెప్పే జలీల్ సార్ పాత ల్యాబునే వర్క్‌షాపు చేసి పిల్లల చేత రోబోలు కట్టిస్తుండేవారు. ఆ వేసవిలో హైదరాబాదులో పోటీ. రోబో బంతులు ఏరి బుట్టలో వేయాలి. చివరికి నున్నటి ఇనుప స్తంభం ఎక్కి, పైనున్న గంట కొట్టాలి. బంతులు ఏరడం అందరూ బాగానే ఏరారు. స్తంభం దగ్గరే కథంతా. పెద్దపెద్ద బళ్ళ రోబోలు సగం ఎక్కి, సర్రున జారి కిందపడ్డాయి.

వీళ్ళ రోబో జారలేదు. ఎంత బరువు పడితే అంత గట్టిగా స్తంభాన్ని పట్టుకుని, తాపీగా పైకి పోయి గంట కొట్టింది.

ఆ పట్టు భూమేష్‌ది. వాళ్ళ నాయిన లింగాగౌడ్ కల్లు గీస్తాడు. చెట్టు చుట్టూ, నడుం చుట్టూ మోకుతాడు వేసుకుని, దాని మీదే బరువు మోపి తాడిచెట్టు ఎక్కుతాడు. వెనక్కి వాలిన కొద్దీ మోకు బిగుస్తుంది. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ చూస్తున్న ఆ సంగతినే భూమేష్ తోలుపట్టీతో, రెండు ఇనుప ముక్కలతో రోబోకు నేర్పాడు.

జట్టుకు నాయకురాలు యామిని. బహుమతి ఇచ్చేటప్పుడు జడ్జి మైకు ఆమెకే అందించి, "ఈ ఎక్కే పద్ధతి ఎవరికి తట్టిందమ్మా?" అని అడిగాడు.

"నాకే సార్," అంది యామిని.

అనాలని అనుకుని అన్నది కాదు. చేతిలో మైకు, ఎదురుగా కెమెరాలు, కింద చప్పట్లు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని పెద్దలు ఊరికే అన్నారా? మర్నాడు పేపర్లో 'యామిని క్లైంబర్' అని పేరు కూడా పడింది. ఫొటోలో ఆమె కప్పు ఎత్తి నవ్వుతోంది. పక్కన భూమేష్ నేల చూస్తున్నాడు.

వానాకాలంలో పుణెలో మరో పోటీ ఉంది. దానికి కొత్త రోబో కట్టాలి. భూమేష్ లేకుండా అది అయ్యే పని కాదు. కానీ యామిని మనసును తొలిచేది పుణె కాదు. ఆరో తరగతి నుంచీ ఒకే బల్ల మీద కూర్చున్న స్నేహితుడు ఎదురుపడితే సందు తిరిగి పోతున్నాడు.

ఆమె జలీల్ సార్ దగ్గరికి పోయింది.

"వాడు వస్తలేడు సార్. ఫోన్ చేస్తే ఎత్తుతలేడు. మీరు జెర పిలువుండ్రి."

"నేనెందుకు?"

"మీ మాట కాదనడు సార్."

సార్ ఆమె ముఖంలోకి కాసేపు చూశారు. బల్ల మీది స్క్రూడ్రైవరు తీసి ఆమె చేతిలో పెట్టారు.

"రోబో విప్పేదుంది గద బిడ్డా. ముందు గా పని కానియ్యి."

గెలిచినా ఓడినా, పోటీ అయ్యాక రోబోను విప్పి, సామానంతా డబ్బాల్లో పెట్టి వెనక వచ్చే పిల్లలకు అప్పగించడం ఆ వర్క్‌షాపు ఆచారం. అందులో సార్ పెట్టిన కట్టుబాటు ఇంకొకటి ఉంది. ఎవరు బిగించింది వాళ్ళే విప్పాలి. ఎక్కడ ఎక్కువ బిగించామో, ఎక్కడ వదిలేశామో విప్పేటప్పుడే తెలుస్తుందని ఆయన నమ్మకం.

మిగతా పిల్లలు ఎవరి భాగం వాళ్ళు విప్పుకుని వెళ్ళిపోయారు. స్తంభం ఎక్కే భాగం మిగిలింది. దాని నిట్టనిలువునా ఒక పొడవాటి బోల్టు. తల పైన, నట్టు అడుగున పెట్టె లోపల. యామిని స్క్రూడ్రైవరు పెట్టి తిప్పింది. బోల్టు తిరిగింది. తిరుగుతూనే ఉంది గానీ వెంట్రుకంత పైకి రాలేదు. పైన బోల్టుతోపాటు కింద నట్టూ తిరుగుతోంది.

ఒక చెయ్యి అడుగుకు పోనిస్తే రెండోది పైకి అందలేదు. చెక్కముక్క దూర్చింది. అది జారిపోయింది. పక్కకు పడుకోబెట్టి కాలితో అదిమింది. చెమటలు కారాయి తప్ప బోల్టు కదల్లేదు. కిటికీలోంచి చూస్తున్న పిల్లవాడొకడు, "నేను పట్టుకోవాల్నా అక్కా?" అంటూ లోపలికి రాబోయాడు.

"నువ్వొద్దు," అన్నారు జలీల్ సార్.

యామిని తలెత్తింది. "ఒక్కదానితోని అయితలేదు సార్."

"బిగించినప్పుడు ఒక్కదానివే బిగించినవా?"

సార్ మళ్ళీ తన పేపర్లు దిద్దుకోవడంలో పడ్డారు.

ఆ సాయంత్రం ఆమె ఆ ఎక్కే భాగాన్ని సంచిలో పెట్టుకుని తాళ్ళవనానికి పోయింది. భూమేష్ ఒక చెట్టు కింద కుండలు సర్దుతున్నాడు. పైన లింగాగౌడ్ మోకు మీద వాలి గెల గీస్తున్నాడు. యామినిని చూసి భూమేష్ పలకరించలేదు. పొమ్మని కూడా అనలేదు.

ఆమె సంచిలోంచి ఆ భాగం, పానా తీసింది. చెప్పాల్సిన అవసరం లేకపోయింది. అతను పానా అందుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, కింద నట్టు పట్టుకున్నాడు. ఆమె పైన తిప్పింది. నాలుగు తిప్పుళ్ళకు బోల్టు వదులైంది. ఇంత తేలికా అనిపించి ఆమెకు ఏడుపొచ్చింది.

"తప్పు నాదే భూమేష్. జడ్జి సార్‌కు ఫోన్ చేసి చెప్త. పేపరోళ్ళకు గూడ చెప్త, అది నీదని."

"నాదని చెప్పకున్నా నాకేం బాధ లేకుండె," అన్నాడు భూమేష్. "మా నాయిన వచ్చిండు ఆ దినం."

"యాడికి?"

"హైదరాబాదుకు. పని బందువెట్టి, ధోవతి ఇస్త్రీ చేపిచ్చుకొని వచ్చిండు. ఎనుక వరుసల సార్ పక్కకు కూసున్నడు. మన మోకు ముచ్చట మైకుల చెప్తరు, ఇందామని."

యామిని స్క్రూడ్రైవరు కింద పెట్టేసింది.

"బస్సుల వచ్చేటప్పుడు అడిగిండు. మోకని చెప్తే నవ్వుతరనా బిడ్డా, అని. ఏం చెప్పాలె నేను?"

అప్పుడే లింగాగౌడ్ చెట్టు దిగాడు. మోకు విప్పి భుజాన వేసుకుని, యామినిని చూసి ముఖమంతా నవ్వాడు. "ఓ... కప్పు గెల్సిన బిడ్డ! మంచిగున్నవా?" అంటూ కత్తితో ముంజెకాయ చెక్కి ఆమె చేతికిచ్చాడు. "తిను బిడ్డా, లేతగున్నయ్."

ఒక్క మాట అన్నా బాగుండేది. తిట్టినా భరించేది. ఆమె ముంజె నోట్లో పెట్టుకుంది. "కాకా," అంది. ఆ తర్వాత మాట కోసం వెతుక్కుంది. ఆయన అప్పటికే ఇంకో చెట్టు వైపు నడుస్తున్నాడు.

భూమేష్ నట్టును ఆమె అరచేతిలో పెట్టాడు.

"పుణెకు మీరు పోండ్రి. నేను రాను."

కోపంగా అనలేదు. అందుకే ఆమెకు ఆశ లేకుండా పోయింది.

మర్నాడు పొద్దున యామిని బోల్టు, నట్టు, తోలుపట్టీ తెచ్చి సార్ బల్ల మీద పెట్టింది.

"విప్పినవా?"

"విప్పినం సార్."

ఆ 'నం' విని సార్ ఇంకేమీ అడగలేదు. అల్మారాలోంచి ఖాళీ డబ్బా ఒకటి తెచ్చి ఆ ముక్కలు అందులో వేశారు. సుద్దముక్క ఆమెకు ఇచ్చారు.

"వచ్చేటి పిల్లలు అడుగుతరు, ఇదేందని. పేరు రాయి."

యామిని డబ్బా మీద రాసింది. 'మోకు.' కింద మరో వరుస రాసింది. 'చేసింది భూమేష్. నేర్పింది లింగాగౌడ్ కాక.' రాసి, తప్పేమైనా ఉందేమోనని సార్ వైపు చూసింది.

జలీల్ సార్ కళ్ళద్దాలు సర్దుకుని నెమ్మదిగా చదివారు. డబ్బాకు మూత పెట్టారు.

"మంచిగ రాసినవ్," అన్నారు. "ఎనుక వరుసకు ఇనవడాలె బిడ్డా, ఈ మాట."