దాలమ్మకి నోరు చూపించావా

ఊఁ కొట్టేవాళ్ళు ఊఁ కొట్టండి. ఆవలింత వచ్చేవాళ్ళు నోరు పెద్దగా తెరిచి ఆవలించండి, నేనేమీ అనుకోను. నాకు కావలసింది అదే. ఎందుకో చివర్లో చెబుతాను.

సముద్రం ఇప్పటికంటే నాలుగు బారలు వెనక ఉన్న కాలం. ఉత్తరపు ఒడ్డున ఒక చేపల పల్లె. అందులో దాలమ్మ అని ఒక మనిషి. ఆమెకి పొలం లేదు, పడవ లేదు, మొగుణ్ణి సముద్రమే దాచుకుంది. ఉన్నవి మూడే. ఒక చేపల గంప, ఒక కూతురు నీలి, ఒక నోరు.

ఆ నోరు గురించే కథ.

ఆ పల్లెలో ఆడవాళ్ళు అడ్డపొగ తాగేవారు. అంటే చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకోవడం. నవ్వకండి. చేతులు రెండూ గంపకే సరిపోయి, సముద్రపు గాలికి చుట్ట ఆరిపోతుంటే, మీరైనా నిప్పుని ఎక్కడ దాస్తారు? దాలమ్మ ఆ నిప్పుతోనే బేరమాడేది, పాడేది, తిట్టేది. "ఇంత సిన్న సేపకి అంత ధరేటి?" అని ఎవరైనా అంటే, "సేప సిన్నదే బాబూ, నీ కడుపే పెద్దది" అనేది. చుట్ట మాత్రం కదిలేది కాదు.

ఒక ఏడు, మిరపకాయ కొరికితే ఆమె అంగిలి మండింది. పక్కనే తింటున్న వదిన గురమ్మ చూసింది.

"ఏటే దాలీ, మొహం అలా పెట్టినావు? నోరు తెరువు, సూస్తాను."

"నా నోరు సూడ్డానికి నీ రెండు కళ్ళూ సాలవొదినా. నిప్పు తిన్న నోరు. దీనికేటవుద్ది?"

అని ఇంకో చుట్ట వెలిగించింది. ఆ వేడికి మంట మొద్దుబారింది. నిప్పు చేసిన పుండుకి నిప్పే మందు అనుకుంది. ఆమె ఒక్కతే కాదు, పల్లెంతా అలాగే అనుకునేది.

రెండో ఏడు, ఉప్పుచేప తింటే మండింది. ఊరూరా తిరిగే ఆకుమందుల తాత చేపలు కొనడానికి వచ్చి, ఆమె దవడ పట్టుకోవడం చూశాడు.

"నోరు సూపించమ్మా. పుండు సిన్నగా ఉన్నప్పుడే దానికి మాట వినే బుద్ధి ఉంటాది."

"నీ నోట్లో పళ్ళే లేవు తాతా, నా నోట్లో ఏటి ఎతుకుతావు? నిప్పు తిన్న నోరు. దీనికేటవుద్ది?"

అని ఇంకో చుట్ట వెలిగించింది.

మూడో ఏడు, వట్టి గంజి తాగితే మండింది. నీలి గిన్నె కడుగుతూ ఆగింది.

"అమ్మా, గంజిలో నెత్తురుంది. ఓపాలి నోరు తెరువే."

ఈసారి దాలమ్మ గోడవైపు తిరిగి, "నిప్పు తిన్న నోరు" అంది. ఆ మాట ముక్కులోంచి వచ్చింది. మర్నాడు గంజి కూడా ముక్కులోంచే వచ్చింది. ఆ తర్వాత మాట మాటలా రాలేదు, గాలిలా వచ్చింది. ఆమె మొహానికి కొంగు చుట్టుకుంది. కూతురికి కూడా తీసి చూపలేదు. భయం అలాంటిది, పిల్లలూ. చూడకపోతే ఉండదనిపిస్తుంది.

తల్లి లేవలేకపోతే గంప కూతురు ఎత్తాలి. ఆ పల్లెలో ఒక ఆచారం ఉండేది. పిల్ల మొదటిసారి గంప ఎత్తే పొద్దున, తల్లి తన చేత్తో చుట్ట వెలిగించి, నిప్పు కొస పిల్ల నోట్లో పెట్టాలి.

తెల్లారగానే ఆడవాళ్ళంతా దాలమ్మ గుడిసె ముందు చేరారు. నీలి చుట్ట పట్టుకుని తల్లి ముందు కూర్చుంది. దాలమ్మ వద్దంది. గాలి వచ్చింది. మళ్ళీ వద్దంది. మళ్ళీ గాలే వచ్చింది.

"దీవిస్తంది" అంది గురమ్మ. "వెలిగించు దాలీ. ఎండెక్కితే సేపలు పాడవుతాయి."

ఊరిని నోటితో గెలిచిన మనిషికి, కన్నకూతురితో చెప్పాల్సిన ఒక్క మాట దొరకలేదు. నీలి తనే చుట్ట వెలిగించి తల్లి చేతికిచ్చింది. దాలమ్మ దాన్ని ఇసకలో గుచ్చింది. సూర్యుడి వైపు తిరిగి, మొహం మీది కొంగు తీసేసింది. నీలి గడ్డం పట్టి దగ్గరికి లాగి, తన నోరు తెరిచింది.

పొద్దుటి ఎండ నేరుగా లోపలికి పడింది.

గాలివానకి కప్పు ఎగిరిపోయిన గుడిసె చూశారా? లోపల అలా ఉంది. అంగిలి ఉండాల్సిన చోట చీకటి ఉంది.

నీలి చూసింది. లేచి, ఆ చుట్టని కాలితో ఇసకలోకి తొక్కేసింది.

తర్వాత గురమ్మ వంగి చూసింది. దాలమ్మ పక్కనే సూర్యుడికి ఎదురుగా కూలబడి, "ఓలె నీలీ, నాది సూడే" అని నోరు తెరిచింది. లోపల పాల మీగడలా ఒక తెల్లమచ్చ. దాలమ్మ దాన్ని వేలితో చూపించి, గురమ్మ నడుముకున్న చుట్టల సంచి లాగి అవతల పారేసింది. ఆ మచ్చ మానడానికి రెండేళ్ళు పట్టింది కానీ మానింది. ఆ పొద్దున మిగతా ఆడవాళ్ళూ ఒక్కొక్కరే నోరు తెరిచారు; వాళ్ళలో ఇద్దరికి మాత్రం అప్పటికే ఆలస్యమైపోయింది.

దాలమ్మ ఆ నెల అమావాస్య దాటలేదు. పోయేవాళ్ళ నోట్లో నీళ్ళు పోస్తారు కదా. నీలి పోసింది. ఆ నీళ్ళు నిలవలేదు.

ఇప్పటికీ ఆ ఒడ్డున పిల్ల మొదటి గంప ఎత్తితే, తల్లి దాని నోట్లో బెల్లంముక్క పెడుతుంది. ప్రతి అమావాస్య పొద్దున ఆడవాళ్ళు సూర్యుడికి ఎదురుగా కూర్చుని, ఒకరి నోరు ఒకరు చూస్తారు. ఆ పూట చూసేవాళ్ళందరి పేరూ దాలమ్మే. అమావాస్యకి కనపడ్డ పుండు పున్నమికి కూడా ఉంటే, గంప దించి వైద్యుడి దగ్గరికి నడవాల్సిందే. ఎవరైనా సిగ్గుపడితే అత్తలూ వదినలూ ఒకటే మాట అడుగుతారు: "దాలమ్మకి సూపించినావా?"

కథ ఇంతే. ఆ మూల కూర్చున్న నువ్వు మూడుసార్లు ఆవలించావు. మూడుసార్లూ నీ నోట్లోకి చూశాలే. నీకేం లేదు. నోరు మూసుకుని పడుకో.