చెక్క గుర్రం పరీక్ష

ఒకానొక రాజ్యంలో, అది ఏ రాజ్యమని మాత్రం అడగకండి, ప్రచండవర్మ అనే రాజు ఉండేవాడు. మనిషి మంచివాడే. కాకపోతే తన నోటినుంచి ఏ మాట ఊడిపడినా అది శాసనం కావాలనేవాడు. ఆయన కొలువులో తిప్పన్న అనే పెద్దాయన తాంబూలం పళ్ళెం అందించేవాడు. పేరుకి పళ్ళెం పని, అసలు పని రాజుగారిని నవ్వించడం.

కోటలో పసిపిల్లలకి ఒక బడి ఉండేది. అయిదేళ్ళ యువరాజు అక్కడే చదువుకునేవాడు, తిప్పన్న మనవరాలు నాచి కూడా అక్కడే. తల్లీ తండ్రీ లేని పిల్ల. ముసలాయనకి లోకమంతా అదే. ఒకనాడు చక్రాల చెక్క గుర్రం కోసం ఇద్దరూ పట్టుకు కొట్టుకున్నారు. యువరాజు చేతిమీద పంటిగాట్లు పడ్డాయి. నాచి జుట్టు కూడా గుప్పెడు ఊడింది గానీ, దాని సంగతి ఎవరికీ పట్టలేదు.

రాజుగారికి ఒళ్ళు మండింది. "తోటివాళ్ళతో ఎలా మెలగాలో తెలియని పిల్లలు మా కోటలో ఉండడానికి వీల్లేదు. పరీక్ష పెట్టండి. తప్పినవాళ్ళని ఏటి అవతలి మఠానికి పంపేయండి," అన్నాడు.

పరీక్ష పెట్టే భారం ఆస్థాన పండితుడు విశ్వంభరశాస్త్రి నెత్తిన వేసుకున్నాడు. ఆయన రోజూ బడికి వెళ్ళి పిల్లలచేత జవాబు వల్లె వేయించాడు. తర్వాత నిండు కొలువులో వాళ్ళని వరసగా కూర్చోబెట్టి, గొంతు సవరించుకుని అడిగాడు.

"నీకు కావలసిన ఆటబొమ్మ మరొకరి చేతిలో ఉంది. నువ్వేం చేస్తావు?"

యువరాజు లేచి కళ్ళు మూసుకుని ఏకబిగిన అప్పజెప్పాడు. "మృదువుగా అడుగుతాను, ఇవ్వకపోతే ఓర్పుతో వేచి ఉంటాను, కోపం తెచ్చుకోను." కొలువంతా భేష్ అంది. మిగతా పిల్లలూ అదే పాట పాడారు. చివరికి నాచి వంతు వచ్చింది.

"లాక్కుంటాను," అంది నాచి.

"ఇవ్వకపోతే?"

"కొరుకుతాను."

కొలువు గొల్లుమంది. శాస్త్రి మాత్రం నవ్వలేదు. "ప్రభూ, ఈ పిల్లకి బుద్ధి అబ్బదు. రేపు పొద్దున్నే మఠానికి పంపించడం మేలు," అని తీర్పు చెప్పేశాడు. రాజు సరేనన్నట్టు చెయ్యి ఊపాడు.

అబద్ధం ఆడకపోవడమే పిల్ల చేసిన నేరమా అనుకున్నాడు తిప్పన్న. ఏడిస్తే పిల్ల దక్కదని ఏడుపు దిగమింగి, చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు.

"చిత్తం ప్రభూ. శాసనం శాసనమే. చిన్న సందేహం. తోటివాళ్ళతో మెలగడం తెలియనివాళ్ళు ఏటి అవతలికి పోవాలన్నది పిల్లలకేనా, పెద్దలకి కూడానా?"

రాజు ఛాతీ విరుచుకున్నాడు. "మా శాసనానికి చిన్నా పెద్దా తేడా లేదు, తిప్పన్నా. ఎవరైనా సరే."

"అంతే చాలు ప్రభూ," అని తిప్పన్న వెనక్కి తగ్గాడు.

ఆ కొలువులో ఒక ఆచారం ఉంది. కొలువు ముగిసేముందు రాజుగారు ఒకరివైపు చూసి తల ఊపుతారు. తిప్పన్న పళ్ళెం తీసుకెళ్ళి ఆ మనిషికి అగ్రతాంబూలం ఇస్తాడు. ఆ రెండాకులూ వక్కా దక్కినవాడు మర్నాటిదాకా నేలమీద నడవడు. రాజుగారు ఎప్పటిలాగే తల ఊపారు. శాస్త్రికి ఇమ్మని ఆయన ఉద్దేశం. శాస్త్రి పక్కనే దండనాయకుడు బేతరాజు కూర్చున్నాడు.

తిప్పన్న పళ్ళెం తెచ్చి సరిగ్గా ఇద్దరి మధ్యా నిలబడ్డాడు. "ప్రభువులు ఇటు చూశారు. ఇటు చూస్తే ఇద్దరు మహానుభావులు ఉన్నారు. ఎవరికని నిర్ణయించడానికి నేనెంతవాణ్ణి? మీరే మాట్లాడుకోండి," అని పళ్ళెం మధ్యలో పెట్టేశాడు.

శాస్త్రి చెయ్యి చాచాడు. బేతరాజు చెయ్యి అంతకంటే ముందే అక్కడుంది.

"అయ్యా, పరీక్ష నడిపింది నేను," అన్నాడు శాస్త్రి.

"పిల్లలచేత పాఠం చెప్పించడం కూడా ఒక పనేనా? సరిహద్దు కాసింది నేను," అన్నాడు బేతరాజు.

శాస్త్రి ఇటు లాగాడు, బేతరాజు అటు లాగాడు. ఉత్తరీయం జారింది, తలపాగా ఊడింది. వక్కలు దొర్లుకుంటూ పోయి పిల్లల ముందు ఆగాయి. ఇది చూసి రాజుగారికి తల కొట్టేసినట్టయింది. విసురుగా సింహాసనం దిగివచ్చి ఇద్దరి చేతుల్లోంచీ పళ్ళెం లాగేసుకున్నాడు.

"ఇది మా పళ్ళెం. ఎవరికీ ఇవ్వం. పొండి."

నాచి వచ్చి తాత పంచె పట్టుకుని అడిగింది.

"తాతా, వీళ్ళు ముగ్గురూ కూడా నాతో మఠానికి వస్తున్నారా?"

శాస్త్రి ముఖం పాలిపోయింది. రాజు పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. రాజుగారికి ఇప్పుడు కోపం వస్తే మఠం కాదు, చెరసాలే. అయినా తిప్పన్న ఆగలేదు.

"ప్రయాణం కట్టేముందు పిల్లని నేనొక్కసారి అడగనివ్వండి ప్రభూ. మళ్ళీ తప్పితే నలుగురూ ఒకే పడవలో వెళ్ళవచ్చు."

రాజు కానిమ్మన్నట్టు తల ఊపాడు. తిప్పన్న చెక్క గుర్రాన్ని తెప్పించి యువరాజు పక్కన పెట్టించాడు. నాచి ముందు కూలబడి, ఇంట్లో అడిగినట్టే అడిగాడు.

"గుర్రం వాడి దగ్గరుంది. నీకు కావాలి. ఏం చేస్తావే?"

"లాక్కుంటాను."

"అప్పుడేమవుతుంది?"

"వాడు నా జుట్టు పీకుతాడు."

"మరి ఇంకేం చేయొచ్చు?"

"ఏడవొచ్చు."

"ఏడిస్తే ఇస్తాడా?"

"ఇవ్వడు. వాడూ ఏడుస్తాడు."

"ఇంకేం చేయొచ్చు?"

నాచి గోరు కొరుకుతూ ఆలోచించింది. ఇంట్లో అయితే ఇక్కడే ఒక్కోసారి మళ్ళీ కొరుకుతాననేది. చివరికి పిల్ల గుర్రం కేసి, దాని మెడకున్న తాడు కేసి చూసింది.

"దీన్ని ఎవరైనా లాగితేనే కదా నడిచేది. వాడు ఎక్కితే నేను లాగుతాను. ఆ స్తంభం దగ్గర దిగాలి. తర్వాత నేనెక్కుతాను, వాడు లాగాలి."

"నేనే ముందు," అన్నాడు యువరాజు.

"ముందు నువ్వే. కానీ స్తంభం దాటితే ఒప్పుకోను."

చక్రాలు కిర్రుమన్నాయి. శాస్త్రి కాళ్ళ పక్కనుంచే గుర్రం వెళ్ళింది. స్తంభం దగ్గర యువరాజు ఒక్క క్షణం తటపటాయించాడు. నాచి చెయ్యి చాచింది. వాడు దిగి తాడు అందుకున్నాడు.

రాజు వంగి అడిగాడు. "ఈ మాట ఇందాకే ఎందుకు చెప్పలేదమ్మా?"

"ఆ శాస్త్రి తాతగారు ఒక్కసారే అడిగారు. మొదట నాకు కొరకాలనే అనిపిస్తుంది. ఇంకేం చేయొచ్చని అడిగితేనే కదా తర్వాతది వచ్చేది," అంది నాచి గుర్రం మీంచి.

రాజు చేతిలోని పళ్ళెం వంక చూసుకున్నాడు. మొదట మీసాల కింద ఏదో కదిలింది. తర్వాత పొట్ట పట్టుకుని, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వాడు. ఆ నవ్వు విన్నాక గానీ తిప్పన్న ఊపిరి కిందికి దిగలేదు. మనవరాలు రేపు కూడా తన పక్కనే నిద్ర లేస్తుందని తెలిసి ఆయనకి కళ్ళు చెమర్చాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు.

రాజు తన భుజం మీది జరీశాలువ తీసి తిప్పన్నకి కప్పాడు. "శాసనం రద్దు. ఎవరినీ ఎక్కడికీ పంపం. ఇకమీదట పిల్లల బడి నీది. ఇంకేం చేయొచ్చని నువ్వే అడుగుతూ ఉండు."

"మహాప్రసాదం ప్రభూ. మరి శాస్త్రిగారూ, దండనాయకులూ?"

"వాళ్ళనీ చేర్చుకో. రేపు ఇద్దరూ వస్తారు," అని రాజు, పిల్లలకి వినపడకుండా గొంతు తగ్గించి అన్నాడు. "వాళ్ళు స్తంభం దగ్గర దిగాక కబురు చెయ్యి. తర్వాత వంతు మాది."