పచ్చ దీపం ఘనత ఎవరిది?

జయకేతు మహారాజు కోటలో ఏనుగులకూ సర్వర్లకూ కొదవలేదు. ప్రజల అర్జీలన్నీ ఆ సర్వర్లలోనే తిరిగేవి. వేగం చాలడం లేదని రాజు కొత్త నెట్‌వర్క్ కార్డులూ, కొత్త కేబుళ్లూ తెప్పించాడు. కేబుళ్లు బిగించే మైసక్క వాటిని పద్ధతిగానే బిగించింది. కేబుల్ కలిసిందని చెప్పే పచ్చ దీపం మాత్రం కార్డు మీద వెలగలేదు. అర్జీలన్నీ ఎక్కడివక్కడే ఆగిపోయాయి.

లోపం కేబుల్లో ఉందన్నాడు కార్డులమ్మిన వీరభూపతి. కార్డులోనే ఉందన్నాడు కేబుళ్లమ్మిన సోమదత్తుడు. నెల్లాళ్లు వాదించుకుని, చివరికి ఆ మహానుభావులిద్దరూ ఒక్క మాట మీదికొచ్చారు: తప్పు బిగించినదానిదే.

"రేపటికి వెలగకపోతే రాజ్యం వదిలి పో" అన్నాడు రాజు మైసక్కతో, ఎంతో న్యాయంగా.

మర్నాడు మైసక్క బట్టల మూట చంకన పెట్టుకుని సభకొచ్చింది. "మహారాజా, దీపం వెలిగించినవారికి గండపెండేరం తొడగాలి కదా. ఆ ఘనత నాది మాత్రం కాదు" అంది.

వీరభూపతి చటుక్కున లేచాడు. "నాది. పరాయి కేబుళ్లను ఒప్పుకోవద్దని నా కార్డులో ఓ కట్టడి ఉంది. దాన్ని నేనే తీసేశాను."

సోమదత్తుడు ఊరుకుంటాడా? "అబద్ధం ప్రభూ. ఆ కార్డు ఒప్పుకునే గుర్తును నా కేబుల్ కొసలో రాయించింది నేను."

"దీపం ఇంకా వెలగలేదు మహారాజా" అంది మైసక్క. "ఎలా వెలుగుతుందో నెల్లాళ్లుగా ఇద్దరికీ తెలుసన్నమాట. ఇంతకీ ఈ మూట ఎవరి చేతికివ్వమంటారు?"