కామేశం బండి వెనక దీపాలు

జోగారావు దాసుగారు హరికథల్లో దిట్ట. శిష్యుడు ఏదైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పడం మాత్రం ఆయనకు అలవాటు లేదు. ముందు చెప్పులు వేసుకుంటారు. జవాబు ఇంట్లో కంటే వీధిలోనే త్వరగా దొరుకుతుందని ఆయన నమ్మకం.

శిష్యుడు కామేశం సొంతంగా చెప్పబోయే మొట్టమొదటి కథ ఆ సాయంత్రమే. తీరా మధ్యాహ్నం మృదంగం పైడయ్య వచ్చి దాసుగారి అరుగు మీద చతికిలబడి, "ఈడి కతకి నాను వాయించను బాబూ" అనేశాడు. కిందటి వారం గురువుగారి కథ మధ్యలో కామేశం ఒక పాట అందుకుని, ఉన్నట్టుండి ఆపేశాడు. మృదంగం ఒక్కటీ టకటకా మోగుతూ ఉండిపోయింది. జనం గొల్లుమన్నారు. నెరిసిన తలతో పైడయ్య అంతమందిలోనూ ముఖం దించుకోవలసి వచ్చింది. మృదంగం లేకపోతే కథే లేదు.

పాట ఆపే ముందు, కథ చెప్పే దాసుడు వెనక్కి తిరిగి, తన వెనక కూర్చున్న మృదంగం వైపు ఒక చూపు చూడడం ఆనవాయితీ. కామేశానికి అది చిన్నతనంగా తోచేది. "గురువుగారూ, ఎక్కడ ఆపుతానో ముందే సైగ చేస్తే ఇంక మజా ఏముంటుందండీ? కథ నడిపేవాణ్ణి నేను. అందుకోవలసింది ఆయన కాదా?" అని అడిగాడు.

దాసుగారు చెప్పులు వేసుకున్నారు. "పందిరి ఎక్కడ వేశారో నీకే తెలుసు. నీ బండి మీద ముందు పద. పైడయ్యా, వాయించకపోతే మానెయ్, వినడానికైనా రా. నా స్కూటరెక్కు."

పైడయ్య గొణుక్కుంటూనే ఎక్కి, మృదంగాన్ని ఒళ్లో పెట్టుకున్నాడు. ఎక్కడికి వెళ్లినా దాన్ని వదిలి వెళ్లే మనిషి కాడు.

కామేశం మోటార్ సైకిల్ చూడముచ్చటగా ఉంటుంది. కంపెనీవాళ్లు ఇచ్చిన ఇండికేటర్లు వంకాయల్లా వేలాడుతున్నాయని పీకించేసి, అగ్గిపుల్లల్లాంటి సన్నటివి పెట్టించాడు. బ్రేక్ లైటు మీద నల్ల ఫిల్మ్ అంటించాడు. ఆ షోకు చూసుకుని అతను మురిసిపోని రోజు లేదు.

ఎండ ఇంకా తగ్గలేదు. కామేశం ఒక సందులోకి కుడివైపు తిరిగాడు. దాసుగారి స్కూటర్ మాత్రం తిన్నగా చేపల బజారు దాకా పోయి, దారి తప్పామని తెలుసుకుని వెనక్కి వచ్చింది. సందు మొదట్లో ఆగి చూస్తున్న కామేశాన్ని కలుసుకుని మళ్లీ బయల్దేరారు. ఈసారి గేదె అడ్డం వస్తే కామేశం బ్రేకు వేశాడు. స్కూటర్ వచ్చి బండి వెనక ధన్‌మని తగిలింది. ఎవరికీ దెబ్బలేమీ తగల్లేదు గానీ, ఒక అగ్గిపుల్ల రాలిపోయింది. పైడయ్య మృదంగాన్ని చంటిపిల్లని పట్టుకున్నట్టు కరుచుకున్నాడు.

"అక్కడ ఇండికేటర్ వేశాను, ఇక్కడ బ్రేక్ లైటూ వెలిగింది కదండీ!" అన్నాడు కామేశం ఏడుపు మొహంతో.

"ఏటెలిగింది నాయనా? మాకేటీ అగుపించనేదు!" అన్నాడు పైడయ్య.

దాసుగారికి నవ్వు ఆగలేదు. "ఒరే, బండి నడుపుతూ నీ వెనక లైట్లు నువ్వెప్పుడైనా చూసుకున్నావా?"

"ఎలా చూసుకుంటానండీ, అవి వెనక..." అంటూ కామేశం ఆగిపోయాడు. చెప్పలేనంత సిగ్గు ముంచుకొచ్చింది. బండికి స్టాండు వేసి పైడయ్య దగ్గరికి వెళ్లాడు. "బాబాయ్, తప్పయిపోయింది. ఇక మీదట ఆపే ముందు నీ వైపు చూస్తాను. ఈ ఒక్కసారికి వాయించు."

పైడయ్య అంత తేలిగ్గా మెత్తబడే రకం కాదు. "సూత్తే వాయిత్తాను. సూడకపోతే మద్దిలోనే లెగిసి ఎల్లిపోతాను" అన్నాడు.

ఆ సాయంత్రం మొదటి పాట చివరికి వచ్చేసరికి కామేశం మెడ తిప్పి వెనక్కి చూశాడు. పైడయ్య కనుబొమలు ఎగరేశాడు. గొంతూ మృదంగమూ ఒక్క దెబ్బన ఆగాయి. పందిరి చప్పట్లతో దద్దరిల్లింది. ఎవరికీ మజా తగ్గినట్టు కనిపించలేదు.

కథ ముగిశాక కామేశం కాళ్ల గజ్జెలైనా విప్పకుండా గురువుగారి దగ్గరికి పరుగెత్తాడు. "ఎలా నడిపానండీ?"

"నన్నడుగుతావేమిరా?" అన్నారు దాసుగారు. "నేను నీ ముందు కూర్చున్నాను."