ఆర్కిడ్ వేర్లు గాలిలోకి ఎందుకొచ్చాయి

ఒకప్పుడు ఆర్కిడ్ మొక్క వేర్లు కూడా అన్ని మొక్కల వేర్లలాగే మట్టిలోనే ఉండేవి. ఎవరికీ కనపడేవి కావు. దానికి దాహమేసినా, కడుపు నిండినా ఆ సంగతి మట్టికి తప్ప ఇంకెవరికీ తెలిసేది కాదు.

అప్పట్లో వానలు తెగ కురిసే కొండ ఒకటి ఉండేది. ఆ కొండ మొత్తానికి ఆ మొక్క ఒక్కటే ఒక్కటి. కొండ కింది పల్లెలో తవిటమ్మ అనే ఆవిడ ఉండేది. ఆవిడకి పైడి అని ఒక్కగానొక్క కూతురు. ఆ పిల్ల ఒకనాడు కొండెక్కి, ఆ మొక్కని వేర్లతో సహా తవ్వి, పరికిణీలో పెట్టుకుని ఇంటికి తెచ్చింది. పెరట్లో నాటి, "అమ్మా, ఇది నాది. ఎవులూ ముట్టకండి" అంది.

వారం తిరక్కుండానే పైడికి జ్వరం వచ్చింది. జ్వరం వచ్చిన మనిషికి నీళ్లివ్వకూడదని ఆ పల్లెలో ఒక పాడు ఆచారం. ఎవరు పెట్టారో గానీ వాళ్ల నోట మన్ను పడ! పిల్ల మూడు రోజులు "నీళ్లు, నీళ్లు" అని అడిగింది. తవిటమ్మ నీళ్లకుండ పక్కనే కూర్చుని ఏడ్చింది గానీ, ఊరివాళ్ల మాట దాటలేకపోయింది. నాలుగో రోజు పైడి అడగడం మానేసింది.

ఇక తవిటమ్మకి మిగిలింది ఆ మొక్కే. అదీ పోతే తను బతకలేననుకుంది. దాన్ని ఇంట్లోనే, కళ్లెదురుగా పెట్టుకుందామని కుమ్మరి సన్నాసి దగ్గరికి వెళ్లి మంచి కుండ చేసిపెట్టమంది.

"మొక్కకా అప్పా? అయితే అడుగున చిల్లెట్టాల" అన్నాడు సన్నాసి.

"చిల్లేటి! దాని నీళ్లు చుక్క కూడా బయటికి పోకూడదు. నా గుంటని, నా పైడిని ఎండబెట్టినట్టు దీన్ని కూడా ఎండబెడతాననుకున్నావేటి?"

కూతురు పోయిన తల్లితో ఎవరు వాదిస్తారు? సన్నాసి చిల్లులేని కుండే చేసిచ్చాడు. ఆవిడ అందులో మట్టి నింపి, పెరట్లోని మొక్కని తెచ్చి నాటుకుంది.

ఇక చూడాలి ఆవిడ నీళ్లు పోయడం! పొద్దున లేవగానే ముంతెడు. అన్నం తినేముందు ముంతెడు, తిన్నాక ముంతెడు. వీధిలో కుక్క దగ్గినా ముంతెడు. మొక్క తల వాల్చింది. అయ్యో, దాహం కాబోలు అనుకుని రెండు ముంతలు పోసింది. ఆకులు పసుపు రంగుకి తిరిగాయి. మూడు ముంతలు పోసింది. దాహంతో వాలిన ఆకూ, నీళ్లెక్కువై వాలిన ఆకూ చూడడానికి ఒక్కలాగే ఉంటాయి మరి. పాపం, ఆవిడకేం తెలుసు?

ఒకరోజు మిట్టమధ్యాహ్నం ఊరంతా పనులకి పోయింది. చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. అప్పుడు కుండలోంచి చప్పుడు వచ్చింది.

గుడ గుడ... గుడ గుడ.

నీళ్లలో మునిగిన మనిషి ఊపిరి వదిలినట్టుంది. తవిటమ్మ లేచింది. దగ్గరికి వెళ్లి చూస్తే ఏమీ లేదు. కుళ్లు వాసన మాత్రం గుప్పుమంది.

మర్నాడు కుండ అంచు మీద తెల్లగా ఏదో కనపడింది. చిటికెన వేలంత ఉంది. ఎండ ఎరగని తెలుపు. ముట్టుకుంటే చల్లగా, తడిగా తగిలింది. ఆ మర్నాటికి అలాంటివి ఐదయ్యాయి. లోపలున్నవాళ్లెవరో పైకి రావడానికి పట్టుకున్నట్టు, ఐదూ కుండ అంచుని గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

పక్కింటి గౌరి నిప్పు కోసం వచ్చి అది చూసింది. చూసి గుండెలు బాదుకుంది.

"ఓలమ్మో వదినా! అది నీ పైడి చెయ్యే! దాహంతో పోయిన గుంట కదేటి, నీళ్ల కోసం వచ్చేసినాది!" అని, వచ్చిన పని మర్చిపోయి పరుగు తీసింది.

ఇంకొకరైతే ఆ కుండని ఊరవతల పారేసేవారు. తవిటమ్మకీ భయం వేసింది. కానీ భయం కన్నా ఆశ పెద్దది.

"వచ్చినావా నా తల్లీ! ఈసారి ఎవులేటన్నా ఇననే. తాగు, కడుపునిండా తాగు" అంటూ బిందె ఎత్తి, బిందెడు నీళ్లూ వంచేసింది.

కుండ అంచుదాకా నిండింది. ఆ తెల్లటివి గిలగిలా కొట్టుకున్నాయి. ఒకటి గోడ పట్టుకుని కిటికీ వైపు పాకింది. మరొకటి చటుక్కున లేచి తవిటమ్మ మణికట్టుకి చుట్టుకుంది. బిందె చేతిలోంచి జారిపోయింది.

అప్పుడు కుండలో నీళ్లు మాట్లాడాయి. ఆ గొంతు బావి అడుగునుంచి వచ్చినట్టుంది.

"తవిటమ్మా, నాకు బయటికి దారి లేదు. నువ్వు పోసిన మొదటి ముంత కూడా ఇంకా ఇక్కడే ఉంది. మురిగిపోయాను. ప్రాణం పోసేదాన్ని, నాచేత ప్రాణం తీయిస్తున్నావు."

"నాను నీళ్లే కదా పోసినాను!" అంది తవిటమ్మ.

కిటికీ అవతలినుంచి గాలి అంది: "నీళ్లే పోశావు. నన్నెక్కడ ఉండనిచ్చావు? మొక్కకి నేనూ కావాలి. ఆ వేర్లు పాకేది నాకోసమే. ఈ పూట దాటితే ఇక పాకవు."

తవిటమ్మ కుండకేసి చూసింది. మళ్లీ పోతుందా? మళ్లీ తన చేతుల్లోనే?

"పైడీ, నిజమేనేటే?" అంది.

మణికట్టు మీద పట్టు ఇంకాస్త బిగిసింది. వాడిపోయిన ఆకు ఒకటి కదిలింది.

"నేను పైడిని కాను" అంది మొక్క, చాలా నెమ్మదిగా. "పైడి రాదు. ఆ పిల్ల దాహానికి నన్నెంతకాలం తాగమంటావు?"

తవిటమ్మ ఉన్నచోటే కూలబడింది. పైడి రాదన్న మాట అంతవరకూ ఆవిడతో ఎవరూ అనలేదు. గుండెలవిసేలా ఏడ్చింది. ఏడుస్తూనే రెండో చేత్తో రోకలి అందుకుని కుండని ఒక్క పోటు పొడిచింది. కుండ బద్దలైంది. నల్లటి నీళ్లు ఇల్లంతా పారాయి. మట్టిలో ఉన్న వేర్లన్నీ కుళ్లిపోయి, ముట్టుకుంటే ఊడొచ్చాయి. పైకి పాకిన ఐదే మిగిలాయి. ఆవిడ ఆ మొక్కని చెట్టుబెరడు ముక్కకి గుడ్డపీలికతో కట్టి, గాలి తగిలేలా కిటికీకి వేలాడదీసింది.

అప్పుడుగానీ మణికట్టు మీద పట్టు సడలలేదు.

"మరి నీకు దాహమేత్తే నాకెలాగ తెలిసేది? ఆకులు సూసి మోసపోనాను కదే" అంది తవిటమ్మ.

"ఇకమీదట నా వేర్లు దాచుకోను" అంది మొక్క. "నీ కళ్లముందే ఉంచుతాను. దాహమేస్తే తెల్లబడతాయి. అప్పుడు బాగా తడిపి, మిగిలిన నీళ్లు కారిపోనివ్వు. కడుపు నిండితే పచ్చబడతాయి. పచ్చగా ఉన్నంతసేపూ, నీకెంత ప్రేమున్నా పొయ్యకు."

మర్నాటికి వేర్లు పచ్చబడ్డాయి. తవిటమ్మ ముంత ఎత్తి, మళ్లీ కింద పెట్టింది. రెండో రోజూ పచ్చగానే ఉన్నాయి. ఆవిడ చేతులు ముంత వైపే లాగాయి. అయినా ఊరు ఏమంటుందో వినలేదు, తన భయం చెప్పిన మాటా వినలేదు. వేర్లకేసి మాత్రమే చూస్తూ కూర్చుంది. నాలుగో రోజు అవి వెండిలా తెల్లబడ్డాయి. అప్పుడు లేచి నీళ్లు పోసింది. ఆవిడ చూస్తుండగానే అవి మళ్లీ పచ్చబడ్డాయి.

అప్పటినుంచే ఆర్కిడ్ వేర్లు మట్టిని నమ్మడం మానేసి గాలిలో వేలాడుతున్నాయి. దాహమేస్తే తెల్లబడతాయి, తడిస్తే పచ్చబడతాయి. కుండీలో పెడితే అంచు దాటి, మణికట్టు కోసం తడుముకుంటున్నట్టు, చల్లగా బయటికి పాకుతాయి.